గుండె లయ మందులు - ఉద్దానం ప్రాంతం

గుండె లయ మందులు అనగా క్రమం తప్పి కొట్టుకునే గుండెను అదుపులో ఉంచడానికి, ఆ లోపం వలన వచ్చే పక్షవాతాన్ని నివారించడానికి వాడే ఔషధాలు. ఇవి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నవే. అయితే శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి పరిసరాలలోను, ఉద్దానం తీరంలోను వీటి వాడకానికి ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. ఈ ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చాలా ఎక్కువగా ఉంది. గుండె లయ మందులలో కొన్ని మూత్రపిండాల ద్వారానే శరీరం నుండి బయటకు పోతాయి. మూత్రపిండాలు మందగించినపుడు మామూలు మోతాదు కూడా విషమాత్ర కావచ్చు. ఈ మందుల గురించి రోగులు, వారి కుటుంబీకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఈ వ్యాసంలో వివరణ ఇవ్వబడింది.

ప్రాంతం, నేపథ్యం

ఉద్దానం అనే పేరు ఉద్యానం అనే మాట నుండి వచ్చిందని చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలోని తీరప్రాంతాన్ని ఈ పేరుతో పిలుస్తారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ముఖ్యమైన తోటలు. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి.

ఇక్కడి మూత్రపిండ వ్యాధికి ఒక విచిత్ర లక్షణం ఉంది. మధుమేహం, అధిక రక్తపోటు లేనివారికి కూడా ఇది వస్తుంది. మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు. కాళ్ళ వాపు వంటి సూచనలు తొలిదశలో కనిపించవు. నీటిలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ వలన కలిగే నిర్జలీకరణం, నొప్పి మాత్రల వాడకం, వంశపారంపర్య కారణాలు వంటి అనేక అనుమానాలు ఉన్నా కారణం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికా దేశాలలోను ఇటువంటి వ్యాధి ఉంది. ఉద్దానంలో జరిగిన అధ్యయనాలలో పెద్దవారిలో సుమారు ఐదింట ఒక వంతు మందికి మూత్రపిండాల లోపం ఉన్నట్లు తేలింది. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో గుండె లయ తప్పడం ఇతరులలో కంటే ఎక్కువ. కనుక ఈ రెండు జబ్బులు ఒకే మనిషిలో కలవడం ఇక్కడ అరుదైన విషయం కాదు.

గుండె లయ ఎలా తప్పుతుంది

ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతిలో నిమిషానికి 60 నుండి 100 సార్లు, రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. కుడి కర్ణిక పైభాగంలో ఉన్న ఒక చిన్న కణుపు నుండి పుట్టే విద్యుత్ ప్రేరణ దీనికి మూలం. ఆ ప్రేరణ పుట్టుకలో గాని, ప్రయాణంలో గాని లోపం వస్తే గుండె మరీ వేగంగా, మరీ నెమ్మదిగా, లేదా అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంది.

లయ తప్పడంలో అనేక రకాలు ఉన్నప్పటికీ ఎక్కువకాలం మందులు వాడవలసినది ప్రధానంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే రకానికి. ఇందులో కర్ణికలు సంకోచించడానికి బదులు వణుకుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. వృద్ధాప్యం, రక్తపోటు, థైరాయిడ్ అధికం కావడం, మద్యపానం దీనికి కారణాలు. మన దేశంలో చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాత జ్వరం వలన గుండె కవాటం మూసుకుపోయి, నడివయసులోనే ఈ జబ్బు వచ్చినవారు కూడా చాలామంది ఉన్నారు.

మందులలో రకాలు

ఈ మందులు మూడు పనులు చేస్తాయి.

వేగాన్ని తగ్గించేవి: మెటోప్రొలాల్, బైసోప్రొలాల్, అటెనొలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, డిజాక్సిన్. ఇవి లయను సరిచేయవు. గుండె మరీ వేగంగా కొట్టుకోకుండా చూస్తాయి.

లయను సరిచేసేవి: అమియోడరాన్, సొటలాల్, ఫ్లెకనైడ్, ప్రొపఫెనోన్.

రక్తం గడ్డకట్టకుండా చూసేవి: వార్ఫరిన్, ఎసినోకౌమరాల్, డాబిగాట్రాన్, రివరొక్సబాన్, అపిక్సబాన్. వీటికి గుండె లయతో సంబంధం లేదు. కాని పక్షవాతం నుండి కాపాడేవి ఇవే కనుక చాలామంది రోగులకు ఇవే అతి ముఖ్యమైనవి.

తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె దడ తగ్గిపోయింది. ఇక మందులు మానవచ్చునా?

మానరాదు. దడ తగ్గినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు. చాలామందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఏ లక్షణమూ లేకుండానే వచ్చిపోతూ ఉంటుంది. గడ్డకట్టడాన్ని ఆపే మందు వలన రోగికి పైకి తెలిసే సుఖం ఏదీ ఉండదు. అందుచేతనే డబ్బు చాలనపుడు మొదట మానేది ఆ మందునే. ఇది ప్రమాదకరం. మెటోప్రొలాల్ వంటి మందులను ఒక్కసారిగా మానితే గుండె వేగం హఠాత్తుగా పెరుగుతుంది. మార్పు అవసరమైతే వైద్యుడు క్రమంగా తగ్గిస్తాడు. ఖర్చు భరించలేనపుడు ఆ మాట దాచకుండా వైద్యునికి చెప్పడం మంచిది. తక్కువ ధరలో దొరికే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వంటివి ఉన్నాయి.

క్రియాటినిన్ కొంచెమే ఎక్కువ ఉంది. దానివలన మందు మారుతుందా?

ఉద్దానంలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. రక్తంలో క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి మూత్రపిండాల శక్తిని చెప్పలేము. వయసు, బరువు, స్త్రీయా పురుషుడా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. మందుల మోతాదు కొరకు 1976లో వెలువడిన కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రాన్ని నేటికీ వాడుతున్నారు. 140 నుండి వయసును తీసివేసి, వచ్చిన దానిని కిలోలలో బరువుతో హెచ్చించి, 72తో హెచ్చించిన క్రియాటినిన్ విలువతో భాగించాలి. స్త్రీలకు ఫలితాన్ని మళ్ళీ 0.85తో హెచ్చించాలి.

ఉదాహరణకు ఇద్దరికీ క్రియాటినిన్ 1.6 అనుకుందాం. 30 ఏళ్ళ వయసు, 70 కిలోల బరువు ఉన్న యువకునికి ఫలితం నిమిషానికి సుమారు 67 మిల్లీలీటర్లు. 70 ఏళ్ళ వయసు, 45 కిలోల బరువు ఉన్న స్త్రీకి సుమారు 23 మాత్రమే. కాగితం మీద ఒకే అంకె. మూత్రపిండాల శక్తిలో దాదాపు మూడింతల తేడా. తోటలలో, జీడి బట్టీలలో పనిచేసి బక్కచిక్కిన వృద్ధులకు "కొంచెమే ఎక్కువ" అనే మాట ఎంత ప్రమాదమో దీనివలన తెలుస్తుంది.

ఏ మందులకు మూత్రపిండాలతో ఎక్కువ సంబంధం?

డిజాక్సిన్, సొటలాల్, అటెనొలాల్, డాబిగాట్రాన్ ఎక్కువ భాగం మూత్రంలోనే పోతాయి. డాబిగాట్రాన్‌లో ఈ భాగం సుమారు 80 శాతం. పై లెక్క ప్రకారం మూత్రపిండాల శక్తి 30 కంటే తక్కువైతే ఐరోపా నిబంధనల ప్రకారం దానిని వాడరాదు. అపిక్సబాన్‌లో మూత్రపిండాల ద్వారా పోయేది సుమారు 27 శాతమే. అయినా 80 ఏళ్ళు నిండిన వయసు, 60 కిలోలు లేదా అంతకంటే తక్కువ బరువు, 1.5 లేదా అంతకంటే ఎక్కువ క్రియాటినిన్ అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా మోతాదును సగం చేస్తారు. పై ఉదాహరణలోని స్త్రీకి వీటిలో రెండు ఉన్నాయి.

మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, అమియోడరాన్ ముఖ్యంగా కాలేయం ద్వారా మారిపోతాయి. అందువలన మూత్రపిండ రోగులలో అటెనొలాల్‌కు బదులుగా మెటోప్రొలాల్ ఇవ్వడం పరిపాటి. డయాలిసిస్ చేయించుకునేవారికి గడ్డకట్టడాన్ని ఆపే మందు ఏది, ఎంత అన్నది రోగిని బట్టి నిర్ణయించవలసినదే. డయాలిసిస్ సమయంలో కూడా హెపారిన్ అనే ఇటువంటి మందునే ఇస్తారు కనుక అక్కడి సిబ్బందికి ఇంట్లో వాడే మాత్ర పేరు తప్పక తెలియాలి.

డిజాక్సిన్ మాత్రను వారానికి ఐదు రోజులే వేసుకోమంటారెందుకు?

డిజాక్సిన్ చాలా పాత మందు. దీనికి మూలం డిజిటాలిస్ అనే పూలమొక్క. ఆంగ్ల వైద్యుడు విలియం విథరింగ్ దాని గుణాలను 1785లో గ్రంథస్థం చేశాడు. ఈ మందులో మేలుచేసే మోతాదుకు, కీడుచేసే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. శరీరంలో పేరుకుపోకుండా ఉండడానికి మన దేశంలో కొందరు వైద్యులు వారంలో రెండు రోజులు విరామం ఇస్తారు. మరికొందరు తక్కువ మోతాదును ప్రతిరోజూ ఇస్తారు. ఏ పద్ధతి అన్నది చీటీలో స్పష్టంగా రాయించుకోవాలి. రోగి తనంతట తాను ఒక పద్ధతి నుండి మరొక పద్ధతికి మారరాదు.

ఆకలి చచ్చిపోవడం, వికారం, వాంతులు, మగత, వస్తువులు పసుపుపచ్చగా కనబడటం, నాడి మందగించడం డిజాక్సిన్ విషమించిందనడానికి గుర్తులు. వికారం, ఆకలి లేకపోవడం మూత్రపిండ వ్యాధి ముదిరినప్పుడు కూడా ఉంటాయి. అందుచేత ఉద్దానంలో ఈ లక్షణాలను "కిడ్నీ జబ్బు మామూలే" అని కొట్టివేసే ప్రమాదం ఉంది. డిజాక్సిన్ వాడుతున్నవారికి వాంతులు మొదలైతే ఇ.సి.జి., రక్తంలో పొటాషియం, డిజాక్సిన్ స్థాయి చూడాలి. మాత్ర వేసుకున్న తరువాత కనీసం 6 గంటలు ఆగి రక్తం తీస్తేనే ఆ స్థాయి సరిగా తెలుస్తుంది. డయాలిసిస్ ద్వారా ఈ మందు చెప్పుకోదగినంతగా బయటకు పోదు.

పెరట్లో పెరిగే పచ్చగన్నేరులో కూడా డిజాక్సిన్ జాతికి చెందిన విషపదార్థాలే ఉన్నాయి. దాని గింజలు తిన్నవారు గుండె లయ తప్పి మరణించడానికి కారణం ఇదే.

కొబ్బరినీళ్ళు తాగవచ్చునా?

కొబ్బరితోటల మధ్య బ్రతికేవారికి ఇది సహజమైన ప్రశ్న. మూత్రపిండాలు బాగున్నవారికి కొబ్బరినీళ్ళు మేలుచేస్తాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అవే ప్రాణాపాయం కావచ్చు. కొబ్బరినీళ్ళలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక పెద్ద బొండాం తాగితే అరటిపండు కంటే ఎక్కువ పొటాషియం లోపలికి పోతుంది. బయటకు పంపవలసిన మూత్రపిండాలు పనిచేయకపోతే అది రక్తంలో నిలిచి, గుండె వేగాన్ని తగ్గించి, చివరకు ఆపివేయగలదు. పనస తొనలు, జీడిపప్పు కూడా పొటాషియం గలవే. ఉప్పుకు బదులుగా అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. దానిని మూత్రపిండ రోగులు వాడరాదు. కూరగాయలను తరిగి ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది.

పొటాషియం తగ్గిపోయినా చిక్కే. విరేచనాల వలన, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రల వలన అది పడిపోతే డిజాక్సిన్ విషప్రభావం పెరుగుతుంది. కనుక ఎంత తినాలన్నది రక్తపరీక్షను బట్టి చెప్పవలసినదే గాని ఒకరికి చెప్పినది మరొకరికి వర్తించదు.

వార్ఫరిన్ వాడేటప్పుడు ఆకుకూరలు మానాలా?

పూర్తిగా మానవలసిన పని లేదు. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ శరీరంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. తోటకూర, పాలకూర, మునగాకు వంటి వాటిలో ఆ విటమిన్ ఎక్కువ. ఒక వారం అసలు తినక, మరొక వారం రోజూ తింటే మందు పని అటూఇటూ అవుతుంది. ప్రతి వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడమే సూత్రం.

ఈ మందు సరిపోయిందో లేదో ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చెబుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అది సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలి. 2 కంటే తగ్గితే గడ్డ కట్టవచ్చు. 3 దాటితే రక్తస్రావం కావచ్చు. మొదట్లో తరచుగా, స్థిరపడిన తరువాత సాధారణంగా నెలకొకసారి పరీక్ష చేయిస్తారు. గర్భం ధరించిన స్త్రీలు, ధరించదలచినవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి. వార్ఫరిన్ వలన శిశువుకు హాని కలుగుతుంది.

పరీక్ష అవసరం లేని కొత్త మందులకు మారవచ్చునా?

అందరూ మారలేరు. కీళ్ళవాత జ్వరం వలన మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి, కృత్రిమ లోహ కవాటం అమర్చినవారికి వార్ఫరిన్ జాతి మందులే ఇస్తారు. కీళ్ళవాత గుండెజబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిపై అనేక దేశాలలో జరిపి 2022లో ప్రచురించిన ఇన్విక్టస్ అధ్యయనంలో, రివరొక్సబాన్ కంటే వార్ఫరిన్ జాతి మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. మిగిలినవారిలో కొత్త మందులు సౌకర్యమే. అయితే ఐ.ఎన్.ఆర్. అవసరం లేదంటే ఏ పరీక్షా అవసరం లేదని కాదు; మూత్రపిండాల పరీక్ష తప్పదు.

రివరొక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలను భోజనంతో వేసుకోవాలి. డాబిగాట్రాన్ గొట్టాన్ని విప్పి పొడి తీయరాదు. తేమ తగిలితే అది చెడిపోతుంది కనుక, గాలిలో తేమ ఎక్కువగా ఉండే తీరంలో దానిని అసలు పొట్లంలోనే ఉంచుకోవాలి.

అమియోడరాన్ వాడితే థైరాయిడ్ పరీక్ష ఎందుకు?

200 మిల్లీగ్రాముల అమియోడరాన్ మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసినది 0.15 మిల్లీగ్రాములు మాత్రమే. అందువలన థైరాయిడ్ గ్రంథి మందగించడమో, ఉద్రేకించడమో జరగవచ్చు. కాలేయం, ఊపిరితిత్తులు, కళ్ళు కూడా దెబ్బతినవచ్చు. ఈ మందు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. పొలంలోను, పడవ మీదను పనిచేసేవారు ఒళ్ళు కప్పుకోవాలి. ఆరునెలలకొకసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయించాలి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం వస్తే ఉపేక్షించరాదు. ఇది మానిన తరువాత కూడా వారాల తరబడి, నెలల తరబడి శరీరంలో ఉంటుంది. డిజాక్సిన్, వార్ఫరిన్‌ల ప్రభావాన్ని ఇది పెంచుతుంది కనుక వాటి మోతాదు తగ్గించవలసి వస్తుంది.

ఒళ్ళునొప్పులకు మాత్ర వేసుకోవచ్చునా?

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. గడ్డకట్టడాన్ని ఆపే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. రోజంతా ఎండలో పనిచేసి సాయంత్రం నొప్పి మాత్రో సూదో తీసుకునే అలవాటు ఈ రోగులు మానవలసినది. తగిన మోతాదులో పారసిటమాల్ వాటికంటే సురక్షితం. మెట్రొనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతాయి. క్లారిత్రోమైసిన్ డిజాక్సిన్ స్థాయిని పెంచుతుంది. గ్రామవైద్యుని దగ్గర గాని, మందుల దుకాణంలో గాని ఏ మందు తీసుకున్నా ముందుగా వాడుతున్న మందుల చీటీ చూపించాలి. నాటుమందులకు కూడా ఇదే నియమం. ఈశ్వరి మొక్కలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది.

పక్షవాత నివారణకు ఆస్ప్రిన్ చాలదా?

చాలదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పక్షవాతాన్ని ఆపడంలో ఆస్ప్రిన్ ప్రభావం చాలా తక్కువ. రక్తస్రావం ప్రమాదం మాత్రం ఉంటుంది.

ఒక పూట మాత్ర మరచిపోతే?

వార్ఫరిన్ అయితే అదే రోజు గుర్తుకు వచ్చినపుడు వేసుకోవాలి. మరుసటి రోజు గుర్తుకు వస్తే పోయినదానిని వదిలివేయాలి. ఏ మందునైనా రెండు మోతాదులు కలిపి వేసుకోరాదు.

ఇంటివద్ద గమనించవలసినవి

మణికట్టు వద్ద నాడిని పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. లయ తప్పినవారిలో పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే తప్పు వస్తుంది. వేగం తగ్గించే మందులు వాడేవారికి నాడి 60 కంటే తగ్గితే తరువాతి మాత్రకు ముందు వైద్యుని అడగాలి.

విరేచనాలు, వాంతులు, వడదెబ్బ తగిలిన రోజులలో మూత్రపిండాల శక్తి ఒకటి రెండు రోజులలోనే పడిపోవచ్చు. అప్పటివరకు సరిపోయిన మోతాదు అప్పుడు ఎక్కువవుతుంది. అటువంటపుడు ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినపుడు ఉద్దానం గ్రామాలకు రాకపోకలు, విద్యుత్తు నిలిచిపోయాయి. తుపానుల కాలంలో కనీసం రెండు వారాల మందులు ఇంట్లో ఉంచుకోవడం మంచిది. పనికోసం దూరప్రాంతాలకు వలస వెళ్ళేవారు మందుల చీటీ, చివరి క్రియాటినిన్ ఫలితం వెంట తీసుకువెళ్ళాలి.

మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు పడిపోవడం, స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, నల్లని విరేచనం, ఆగని రక్తస్రావం, తలకు దెబ్బ తగలడం అత్యవసర పరిస్థితులు. 108 అంబులెన్సును పిలవాలి. రోగి గడ్డకట్టడాన్ని ఆపే మందు వాడుతున్నట్లు, మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు వెంట వెళ్ళినవారు ఆసుపత్రిలో మొదటి మాటగా చెప్పాలి.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

ఈ ప్రాంతపు రోగి ప్రతిసారి అడగవలసినవి నాలుగు ఉన్నాయి: ఈ మందు మూత్రపిండాల ద్వారా పోతుందా? నా వయసు, బరువు, క్రియాటినిన్‌లను లెక్కవేసి మోతాదు రాశారా? నా పొటాషియం ఎంత ఉంది? మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడు? గుండెకు ఒక ఊరిలో, మూత్రపిండాలకు మరొక ఊరిలో చూపించుకునేవారు ఇక్కడ చాలామంది. ఒకచోటి చీటీ మరొకచోట చూపకపోతే రెండు చికిత్సలూ విడివిడిగా సరైనవే అయినా కలిసి హాని చేయవచ్చు. అన్ని చీటీలను, పరీక్షా ఫలితాలను తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచుకొని ప్రతి వైద్యునికీ చూపడం ఖర్చులేని రక్షణ.

గమనిక: ఈ వ్యాసం సాధారణ అవగాహన కొరకు మాత్రమే. మోతాదులో మార్పులు వైద్యుని సలహాతోనే చేయాలి.

ఇవి కూడా చూడండి

ఉద్దానం
పలాస
మూత్రపిండము
గుండె
పక్షవాతం